అడుగున తిరిగే చేపకు మేత అక్కర్లేదా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఏడో తరగతి చదివే మా గుంటడి పోరు పడలేక రెండడుగుల గాజు అక్వేరియం కొన్నాం. మూడు గోల్డ్ ఫిష్ వేశాం. అడుగున చెత్త పేరుకుంటోందంటే షాపతను కోరి క్యాట్ ఫిష్ అని రెండు చిన్న మీసాల చేపలిచ్చాడు. "ఏటీ వెయ్యక్కర్నేదమ్మా, అడుగునున్నదంతా అవే తినేస్తాయి" అన్నాడు. నెల తిరక్కుండానే ఒకటి పోయింది. రెండోది మూలన పడి ఉంటోంది. ఉండుండి రయ్యిమని నీటి పైకి వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చేస్తుంది. మీసాలు కూడా పొట్టిగా అయిపోయినట్టున్నాయి. నేను శుభ్రంగానే ఉంచుతున్నాను. ప్రతి ఆదివారం నీళ్ళన్నీ తీసేసి, రంగురాళ్ళు, ఫిల్టరు స్పాంజి కుళాయి కింద కడిగి, మళ్ళీ బోరు నీళ్ళు నింపుతాను. మా అత్తగారేమో "మూగజీవాల ఉసురు మనకెందుకే" అంటున్నారు. ఉన్న ఒక్కదాన్నైనా బతికించుకునే దారి చెప్పండి.

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ ముందు ఆ షాపతన్ని తిట్టుకున్నానమ్మా. ఆదివారం సంగతి దగ్గరికొచ్చేసరికి అందులో సగం తిట్లు వెనక్కి తీసుకున్నాను. ఆ చేప ఒక పక్క ఆకలికి, ఇంకో పక్క మీ శుభ్రానికి నలిగిపోతోంది. రెండూ మన చేతిలో ఉన్నవే కాబట్టి టెన్షన్ పడకండి.

ముందు ఆకలి సంగతి. కోరి మన జెల్లకూ వాలుగకూ దూరపు చుట్టం. పుట్టిల్లు దక్షిణ అమెరికా. అక్కడి నదుల్లో, వాగుల్లో ఇసుకలో మూతి పెట్టి పురుగులు, దోమ లార్వాలు, సన్నటి రొయ్యల్లాంటివి ఏరుకుని తింటుంది. మిగతా చేపల రెట్ట తినదు. గాజుకు పట్టిన పాచి గీకదు. కింద పడ్డ మేత దొరికితే తింటుంది, నిజమే. పెరట్లో రాలినవి ఏరుకుంటుందని కోడికి గింజలు చల్లడం మానేస్తామా? పైగా మీ తొట్టిలో మూడు గోల్డ్ ఫిష్ ఉన్నాయి. అవి పైన వేసింది పైనే ఊడ్చేసే రకం. అడుగుకు దిగేది వాటి రెట్టే. నెల రోజులు ఆ చేపలకు మీరు అన్నం పెట్టలేదన్నమాట. తెలిసి చేసింది కాదు గనక మనసులో పెట్టుకోకండి.

ఈ రాత్రే మొదలుపెట్టండి. నీళ్ళలో మునిగే బిళ్ళలు, సింకింగ్ పెల్లెట్స్ అని అడిగితే ఇస్తారు. అక్వేరియం లైటు ఆర్పేసి ఓ అరగంట ఆగి, గోల్డ్ ఫిష్ సద్దుమణిగాక, కోరి ఉన్న మూల ఒక్క చిన్న బిళ్ళ వెయ్యండి. పొద్దున లేచి చూస్తే అది కరిగి బూజులా పడి ఉందా, రేపు సగమే వెయ్యాలి. మీది సముద్రం పక్క ఊరు, రొయ్యలకేం కొదవ? వారానికో రోజు ఒక పచ్చి రొయ్యను ఉప్పు వెయ్యకుండా ఉడకబెట్టి, ఆవగింజంత ముక్కలు చేసి నాలుగైదు వేస్తే దానికి పెళ్ళిభోజనమే. ఎండు రొయ్యలు మాత్రం వద్దు, వాటిలో ఉప్పుంటుంది. షాపుల్లో బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు అమ్ముతారు. అవి మురుగులో పెరిగేవి, వాటితో జబ్బులు వస్తాయి. నేను కొనడం మానేసి చాలా ఏళ్ళయింది.

పైకి దూసుకెళ్ళడం గురించి. అదొక్కటే అయితే అసలు జబ్బే కాదు. చెరువులో కొర్రమీను పైకొచ్చి ఓ గుటక గాలి మింగి పోవడం చూసే ఉంటారు. కోరి కూడా అంతే, అయితే దాని పద్ధతి ఇంకా వింత. మింగిన గాలి పేగులోకి పోతుంది. పేగు చివరి భాగం పలచగా, నెత్తురు నాళాలతో నిండి ఉంటుంది, ప్రాణవాయువును అక్కడ పీల్చుకుంటుంది. మిగిలిన గాలి వెనకనుంచి పోతుంది. గంటకో రెండుసార్లు అలా వెళ్ళొస్తే చూసి నవ్వుకోవచ్చు. ఐదు నిమిషాల్లో నాలుగైదుసార్లు వెళ్తూ, కింద ఉన్నప్పుడు మొప్పలు దడదడా కొట్టుకుంటుంటే మాత్రం కింది నీళ్ళలో దానికి ఊపిరాడడం లేదని అర్థం. మూలన పడి ఉంటోందన్నారు, మీసాలు అరిగాయన్నారు. మీది రెండో రకమే అనిపిస్తోంది.

ఇప్పుడు ఆదివారం దగ్గరికి వస్తాను. చేపల రెట్ట, మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ మీద కంటికి కనపడని బ్యాక్టీరియా ఇల్లు కట్టుకుంటుంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, అది కొంచెం ఉన్నా చేప తట్టుకుంటుంది. ఈ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు ప్రతి ఆదివారం ఆ కాపురాన్ని కుళాయి కింద కడిగేస్తున్నారు. మున్సిపాలిటీ నీళ్ళయితే అందులో ఉన్న క్లోరిన్ మిగిలినదాన్ని కూడా చంపేస్తుంది. పెరుగు తోడేసి, తోడుకోకముందే గిన్నె తోమినట్టు. సోమవారం నీళ్ళు అద్దంలా ఉంటాయి, బుధవారానికి అమ్మోనియా పెరుగుతుంది, మళ్ళీ ఆదివారం మొదటికొస్తుంది. ఈ ఎగుడుదిగుడు గోల్డ్ ఫిష్ కొన్నాళ్ళు ఓర్చుకుంది, కోరి ఓర్చుకోలేకపోయింది.

కాబట్టి మొత్తం నీళ్ళు తియ్యడం ఇవాళ్టితో ఆపండి. రోజు విడిచి రోజు పావు వంతు మాత్రం సన్నటి పైపుతో అడుగునుంచి లాగండి. అలా తీసిన నీళ్ళు ఒక బకెట్లో ఉంచుకుని, స్పాంజి మరీ జిడ్డుగా ఉంటే అందులోనే రెండుసార్లు పిండి పెట్టెయ్యండి. కుళాయి జోలికి వెళ్ళొద్దు. చుక్కల మందుతో రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, చేపల ధరతో పోలిస్తే ఎక్కువనిపిస్తుంది గానీ కొనండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు, 20 లోపు ఉంటే మరీ మంచిది. మొదటి రెండూ సున్నాకొచ్చి పది రోజులు నిలబడ్డాక వారానికోసారి పావు వంతు మారిస్తే చాలు.

బోరు నీళ్ళలో క్లోరిన్ గొడవ లేదు. కానీ భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ. బకెట్లో పట్టి ఓ రాత్రి ఎయిర్ పంపు గొట్టం వేసి ఉంచాలి. మీ బకెట్ అంచుకు తెల్లటి సున్నం పొర కడుతుంటే నీళ్ళు గట్టివి. కోరీల్లో కంచు రంగు రకం గట్టి నీళ్ళకు అలవాటు పడుతుంది, నెమ్మదిగా అయితేనే. ఇంకో మెలిక ఉంది. నీటికి క్షారగుణం ఎక్కువైనా, వేడి ఎక్కువైనా అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. మన దగ్గర వేసవిలో ఈ రెండూ కలిసొస్తాయి. డాబా మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం పట్టారంటే కాఫీ కలుపుకోవచ్చు. తెల్లవారుజామున పట్టుకోండి. తొట్టిలో ఓ చెయ్యి, బకెట్లో ఓ చెయ్యి పెట్టి చూసి, రెండూ ఒకేలా అనిపించాకే పొయ్యండి.

ఇక రంగురాళ్ళు. పిల్లలకు నచ్చుతాయి, కాదనను. కానీ ఆ రాళ్ళ సందుల్లోకి మేత జారిపోయి కుళ్ళుతుంది. కోరి దాన్ని అందుకోలేక మూతి దూర్చి దూర్చి, ఆ కుళ్ళులో ఉండే బ్యాక్టీరియా పట్టి మీసాలు పోగొట్టుకుంటుంది. రాళ్ళ అంచులు కోసుగా ఉంటే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. మీసాల మొదళ్ళు మిగిలి ఉంటే, అడుగు శుభ్రపడ్డాక మళ్ళీ పెరుగుతాయి. ఆశ పెట్టుకోవచ్చు.

రాళ్ళ బదులు ఇసుక వెయ్యండి. నాగావళి ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇసుక గురించి నేను చెప్పడమేమిటి! మీ వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కట్టిస్తూనే ఉంటారు. సిమెంటు తగలని కుప్పలోంచి సన్నది, గరుకు తక్కువగా ఉన్నది ఏడెనిమిది కేజీలు అడిగి తెచ్చుకోండి. రెండడుగుల తొట్టికి అంగుళం మందాన అది చాలు. జల్లించి, బకెట్లో వేసి, చేత్తో కలియబెడుతూ నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. పదిహేను ఇరవైసార్లయినా పడుతుంది, ఈ పని మీ గుంటడికి అప్పజెప్పండి. తర్వాత చారెడు ఇసుక మీద నిమ్మరసం పిండండి. బుస్సుమని నురగ వస్తే అందులో గుల్లల పొడి ఉన్నట్టు, అది వద్దు. కళింగపట్నం వెళ్ళినప్పుడు బీచ్ ఇసుక మూట కట్టుకొచ్చేవాళ్ళున్నారు. అందులో ఉప్పూ గుల్లలూ ఉంటాయి, మన తొట్టికి అది పనికిరాదు. రాళ్ళన్నీ ఒక్కరోజే తీసెయ్యకండి, వాటి మీదా బ్యాక్టీరియా ఉంది. ఈ వారం సగం, వచ్చే వారం సగం.

ఇసుక పడ్డాక ఓ సాయంత్రం కుర్చీ వేసుకుని తొట్టి ముందు కూర్చోండి. కోరి మూతిని కళ్ళదాకా ఇసుకలో దింపుతుంది. నోట్లోకి తీసుకున్న ఇసుక రెండు మొప్పల పక్కనుంచీ సన్నటి ధారలుగా రాలుతుంది, మా అమ్మ చేటలో నూకలు చెరుగుతుంటే రాలినట్టు. తినేది లోపల మిగుల్తుంది. మధ్యలో కన్ను ఒక్కసారి కిందికి తిప్పుతుంది, మనకు కన్ను కొట్టినట్టే ఉంటుంది. చేపకు కనురెప్ప లేదు, గుడ్డునే తిప్పేస్తుంది. రంగురాళ్ళ మీద ఈ సరదా ఏదీ కనపడదు.

షాపతను రెండే ఇచ్చాడన్నారు. ఇది మందగా బతికే చేప. కనీసం ఆరుండాలి. ఒంటరిగా ఉంటే బెదురుతుంది, తిండికి కూడా బయటికి రాదు. కానీ ఇవాళే వెళ్ళి ఐదు తెచ్చెయ్యకండి. నీళ్ళ అంకెలు కుదురుకునేదాకా ఇది ఒక్కటే ఉండనివ్వండి, ఓ నెల ఓర్చుకుంటుంది. ఈలోగా గోల్డ్ ఫిష్ సంగతి తేల్చుకోవాలి. మీ తొట్టిలో పట్టేది యాభై లీటర్ల నీళ్ళు. గోల్డ్ ఫిష్ జానెడు పెరిగే చేప, తిండిపోతు, అంతకు తగ్గ రెట్ట. మూడు గోల్డ్ ఫిష్, ఆరు కోరీలు అందులో సరిపోవు. నేనైతే సిమెంటు తొట్టో పెద్ద అక్వేరియమో ఉన్నవాళ్ళకు గోల్డ్ ఫిష్‌ను ఇచ్చేసి, కోరీలను ఉంచుకుంటాను. మీ అబ్బాయికి గోల్డ్ ఫిష్ మీదే మనసుంటే కోరిని ఇచ్చెయ్యండి. రెండూ కావాలంటే పెద్ద తొట్టి కొనాలి, అది మీ ఇంట్లో తేలాల్సిన విషయం.

కొనేటప్పుడు రకం చూడండి. షాపులో అన్నీ కోరీలే. నిజానికి వీటిలో చాలా జాతులున్నాయి, 2024లో శాస్త్రవేత్తలు కోరిడోరస్ అనే ఆ పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టి చాలా జాతులను వేరే ప్రజాతుల్లోకి మార్చారు. మన ఎండలకు కంచు రంగుది, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలుండే స్టెర్బయ్ నయం. పాండా, మిరియాలు చల్లినట్టుండే పెప్పర్డ్ చల్లటి నీళ్ళవి. ఆ పెప్పర్డ్ చేపను బీగిల్ ఓడ ప్రయాణంలో డార్విన్ పట్టి తీసుకెళ్తే 1842లో జెనిన్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. అంత పేరున్న చేపైనా మన రోహిణి కార్తెకు నిలబడదు. ఇంకో మాట, మన షాపులకు చేపలు తరచూ చెన్నై, కోల్‌కతాల నుంచి సంచుల్లో వస్తాయి. వచ్చిన రోజే కొనకండి. వారం ఆగి, మీసాలు నిండుగా ఉండి పొట్ట లోపలికి పోకుండా ఉన్నవే ఎంచుకోండి.

వేసవి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మన దగ్గర ఈ చేపలు ఎక్కువగా పోయేది అప్పుడే. కంచు రంగు కోరికి 22 నుంచి 26 డిగ్రీలు సుఖం. మన ఇళ్ళలో మే నెలలో తొట్టి నీళ్ళు 31, 32 దాకా పోతాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువు తక్కువ ఇముడుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు, 32 దగ్గర 7.3. అందుకే వేసవంతా ఎయిర్ పంపు రాత్రీ పగలూ ఆడాలి. మూత తీసి, చేపలు గెంతకుండా దోమతెర కట్టి, నీటి మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత తగ్గదు. ఐసు ముక్కలు వెయ్యొద్దు, ఒక్కసారి చల్లబడితే అదో దెబ్బ.

కరెంటు పోతే? 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరంలో మా ఇంట్లో ఐదు రోజులు కరెంటు లేదు. అప్పుడు నా తొట్టిలో టైగర్ బార్బులు, ఏడు కోరీలు ఉండేవి. చెంబుతో నీళ్ళు తీసి అడుగు ఎత్తునుంచి ధారగా మళ్ళీ అందులోనే పోసేవాణ్ణి, గంటకో పది చెంబులు. రెండో రాత్రి నిద్ర పట్టేసింది. తెల్లారేసరికి నాలుగు బార్బులు వెల్లకిలా తేలాయి. కోరీలు ఏడూ వంతులేసుకున్నట్టు పైకి వెళ్ళి గాలి మింగి వస్తున్నాయి. ఆ పేగే వాటిని కాపాడింది. ఆ తర్వాత బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొన్నాను. 2018 తిత్లీ చూసిన శ్రీకాకుళం వాళ్ళకు ఇది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కరెంటు లేని రోజుల్లో మేత పూర్తిగా మానెయ్యండి. రెండు మూడు రోజుల పస్తుకు కోరి చావదు, కుళ్ళిన మేతకు చస్తుంది.

చేపను పట్టాల్సి వస్తే వలతో పట్టకండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. కోరికీ వీపు మీద, రెండు పక్క రెక్కల్లో ముళ్ళుంటాయి. బెదిరితే నిక్కబొడుచుకుని బిగుసుకుంటాయి. ఒకసారి తొందరలో వలతో తీశాను, ముల్లు వల కళ్ళలో చిక్కి ఊడి రాలేదు. చివరికి వలనే కత్తెరతో కత్తిరించాల్సి వచ్చింది. ప్లాస్టిక్ గ్లాసు అడుగున ఉంచి, నెమ్మదిగా అందులోకి తోలి ఎత్తండి. షాపునుంచి తెచ్చేటప్పుడు సంచి రెండు పొరలు వెయ్యమనండి.

మందుల విషయంలో ఒకటే మాట. చేప డల్‌గా ఉందంటే షాపులో నీలం మందో, గుప్పెడు కళ్ళుప్పో వెయ్యమంటారు. జబ్బేమిటో తెలియకుండా ఏదీ వెయ్యకండి. రాగి ఉన్న మందులు కోరికి అసలు పడవు. మీ చేపకు ఇప్పుడు కావలసిన మందు నీళ్ళూ తిండీ.

"కోరి ఏం శుభ్రం చెయ్యడం లేదు, సక్కర్ ఫిష్ పట్టుకెళ్ళండి" అని ఈసారి ఇంకో సలహా వస్తుంది చూడండి. అది మూరెడు దాకా పెరుగుతుంది. పెరిగాక భరించలేక జనం చెరువులో వదిలేస్తారు. అలా వదిలినవే మన రాష్ట్రంలో చేపల చెరువుల్లో దెయ్యం చేప అని రైతులను ఏడిపిస్తున్నాయి. మీ గోల్డ్ ఫిష్‌నైనా సరే నాగావళిలో వదలకండి. మీ అత్తగారు అన్నది నేను కొట్టిపారెయ్యను. సరిగ్గా చూసుకుంటే కోరి ఐదారేళ్ళు బతుకుతుంది, అంతకాలం చూసే ఓపిక ఇంట్లో ఎవరికుందో ముందే మాట్లాడుకోండి. నెల తర్వాత కోరి బిళ్ళ తింటుంటే ఆవిణ్ణే పిలిచి చూపించండి.

అన్నీ కుదిరి ఆరు చేపలయ్యాక, తొలకరి వానలు పడి నీళ్ళు చల్లబడ్డ ఓ పొద్దున గాజు మీద గసగసాల కంటే కాస్త పెద్దగా, లేత పసుపు రంగులో చుక్కలు అంటుకుని కనపడొచ్చు. అవి గుడ్లు. ఆడ చేప రెండు మూడేసి చొప్పున కింది రెక్కల మధ్య పట్టుకుని తెచ్చి అంటిస్తుంది. నాలుగైదు రోజుల్లో పొదుగుతాయి. మురికనుకుని ఆదివారం మీరు గానీ, మీ అబ్బాయి గానీ గుడ్డతో తుడిచెయ్యకండి.